డెడ్‌లైన్ రోజు నేనడిగిన స్కాన్

నేను ఒక మనిషి ఉద్యోగం ఊడగొట్టాను. అందుకోసం ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. ఈ రెండో సంగతిని చాలాకాలం గొప్పగా చెప్పుకున్నాను, పైకి కాదు, నాలో నేనే.

నా వృత్తి ఫిజియోథెరపీ. కాకినాడలో చదువుకున్నాను. కెనడా వచ్చి ఇక్కడి లైసెన్స్ పరీక్షలు పాసయ్యాక విండ్సర్‌లో ఒక క్లినిక్‌లో చేరాను. మా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది కార్ల ఫ్యాక్టరీ వాళ్ళే. రోజంతా చేతులు పైకెత్తి బోల్టులు బిగించి భుజాలు అరగదీసుకున్నవాళ్ళు. రెండేళ్ళు భుజాలే చూశాను. విసుగొచ్చింది. గంట దూరంలో ఉన్న ఒక చిన్న ఊరి ఐస్ హాకీ టీమ్‌కి థెరపిస్ట్ కావాలని తెలిస్తే అప్లై చేశాను. వాళ్ళు ఇస్తామన్న ఉద్యోగం ఫుల్ టైమ్. అప్పట్లో మా పర్మనెంట్ రెసిడెన్సీ ఫైల్ ఇంకా తేలలేదు, దానికి ఫుల్ టైమ్ ఉద్యోగం ఉన్నట్టు యజమాని ఇచ్చే లెటర్ కావాలి. హాకీ మీద ప్రేమతో వెళ్ళలేదు, ఆ లెటర్ కోసం వెళ్ళాను.

అది జీతాలిచ్చి ఆడించే టీమే కాని, టీవీలో కనిపించే పెద్ద లీగ్‌కి బాగా కింది మెట్టు. ఆటగాళ్ళలో సగం మంది పైకి ఎక్కాలని చూస్తుంటారు, మిగతా సగం కిందికి జారకుండా పట్టుకుని వేలాడుతుంటారు. మొదటి రోజు ప్రాక్టీస్‌లో నేను బెంచీ పక్కన అడ్డుగా అద్దం లేని చోట నిలబడి చూస్తున్నాను. ఎవరో నా కోటు చెయ్యి పట్టుకుని పక్కకి లాగారు. మరుక్షణం నేను నిలబడ్డ చోట గోడకి పక్, ఈ ఆటలో బంతి బదులు వాడే గట్టి రబ్బరు బిళ్ళ, ధడాలుమని తగిలింది.

"అక్కడ ఎప్పుడూ నిలబడకు," అన్నాడతను. "నీకేమన్నా అయితే మమ్మల్ని ఎవరు చూస్తారు?"

డిఫెన్స్ ఆడేవాడు. ముప్పై నాలుగేళ్ళు, టీమ్‌లో అందరికంటే పెద్దవాడు. ఆ రోజు నుంచి నాకు ఆట నేర్పింది అతనే. నడుముకి ఐస్ ప్యాక్ కట్టించుకుంటూ, ఎవర్ని ఎందుకు మార్చేస్తున్నారో, ఎవరి పని అయిపోయిందో నెమ్మదిగా వివరించేవాడు.

ఈ ఆటలో మనుషుల్ని మార్చుకుంటారని నాకు అప్పటిదాకా తెలీదు. ఒక టీమ్ తన ఆటగాణ్ణి ఇంకో టీమ్‌కి ఇచ్చి, బదులుగా ఇంకో ఆటగాణ్ణో, వచ్చే ఏడాది కొత్తవాళ్ళని ముందుగా ఎంచుకునే హక్కునో తీసుకుంటుంది. చాలాసార్లు ఆటగాణ్ణి అడగరు కూడా. పొద్దున ఫోన్, సాయంత్రానికి సూట్‌కేస్. ఈ మార్పిడికి మార్చి నెలలో ఒక ఆఖరి రోజు పెడతారు. ఆ మధ్యాహ్నం మూడు గంటలు దాటితే ఇక ఆ సీజన్‌కి ఎవరూ ఎటూ కదలరు. దాన్ని ట్రేడ్ డెడ్‌లైన్ అంటారు. ఆ వారం ట్రైనింగ్ రూమ్‌లో ఎవరి ఫోన్ మోగినా అందరూ తలలెత్తి చూసేవారు.

ఆటగాడి ధర గోల్స్‌ని బట్టి ఉంటుందనుకునేదాన్ని. బేరం చివరికొచ్చేసరికి అది మోకాలిని బట్టి, తుంటిని బట్టి, మెడని బట్టి ఉంటుంది. అంటే నేను రాసే కాగితాన్ని బట్టి.

అక్కడ నా రెండో శీతాకాలంలో అతను స్కేట్ లేసులు కట్టుకోవడం చూసి అనుమానం వచ్చింది. అందరూ ముందుకి వంగి కట్టుకుంటే, అతను పక్‌ల బకెట్ బోర్లించి దాని మీద కాలు పెట్టుకుని కడుతున్నాడు. టేబుల్ మీద పడుకోబెట్టి కాలు మడిచి లోపలికి తిప్పాను. నొప్పికి కళ్ళు మూసుకున్నాడు కాని నోరు తెరవలేదు. తుంటి కీలులో చిరుగు ఉందని నా చేతికి తెలిసింది. స్కాన్ తీయించాలి, ఆరు వారాలు ఆడకూడదు, బస్సులో దూర ప్రయాణాలు వద్దు అని రిపోర్ట్ రాసి మేనేజర్‌కి ఇచ్చాను. డెడ్‌లైన్‌కి అప్పటికి ఐదు రోజులుంది.

మేనేజర్ అంటే ఆటగాళ్ళని కొనడం, అమ్మడం చూసే పెద్ద. యాభై దాటిన మనిషి. ఎప్పుడూ గొంతు పెంచేవాడు కాదు, తలుపు కూడా చప్పుడు కాకుండా వేసేవాడు. బుగ్గలో ఎప్పుడూ ఒక పెప్పర్‌మెంట్ బిళ్ళ ఉండేది. నా రిపోర్ట్ రెండుసార్లు చదివాడు.

"ఇక్కడ మనం ఆసుపత్రి నడపట్లేదు," అన్నాడు. "కండరం పట్టేసింది అని రాస్తే సరిపోదా?"

"పట్టేసింది కండరం కాదు."

"నీ పేపర్లు ఇంకా అవలేదు కదా? ఇమిగ్రేషన్‌వి?"

బిళ్ళ ఒక బుగ్గ నుంచి రెండో బుగ్గకి మారింది. నేను రిపోర్ట్ మార్చలేదు. ఆయన నవ్వి, సరేలే అన్నట్టు చెయ్యి ఊపి నన్ను పంపేశాడు. గెలిచాననుకున్నాను.

డెడ్‌లైన్ రోజు మధ్యాహ్నం ఆ డిఫెన్స్ ఆటగాణ్ణి తొమ్మిది గంటల బస్సు దూరంలో ఉన్న టీమ్‌కి అమ్మేశారు. బదులుగా ఒక కుర్ర ఆటగాడు వచ్చాడు. నేను ట్రైనింగ్ రూమ్‌కి వచ్చేసరికి అతని లాకర్ ఖాళీగా ఉంది. వెళ్ళిన రెండు వారాలకే ఒక మామూలు మలుపులో అతను మంచు మీద కూలబడ్డాడు. తుంటి పూర్తిగా పోయింది. ఆపరేషన్ చేశారు. మళ్ళీ ఆడలేదు.

కొన్నవాళ్ళు ఊరుకోలేదు. ఫోన్ చేశారు. మేనేజర్ నన్ను గదిలోకి పిలిచి, స్పీకర్ ఆన్ చేసి, బల్ల మీద ఒక కాగితం నా వైపు జరిపాడు. వాళ్ళకి పంపిన హెల్త్ సమ్మరీ అది. "స్వల్పంగా కండరం బిగువు. ఆడటానికి సిద్ధం." కింద నా పేరు. నేను పెట్టిన సంతకం కాదు, టైప్ చేసిన పేరు.

నేను తలెత్తేలోపు ఆయన ఫోన్‌లో మాట్లాడుతున్నాడు. "మా థెరపిస్ట్ కొత్త. మంచి అమ్మాయే, కాని ఈ ఆట ఇంకా అంతగా తెలీదు. తప్పు మాదే, ఆమె మీద కోపం పెట్టుకోకండి."

అవతలివాళ్ళు ఏదో అన్నారు. ఆయన నా వైపు చూస్తూ, దయగా, కనుబొమలు ఎత్తాడు. ఇక నీ ఇష్టం అన్నట్టు. ఆ లెటర్ మీదే మా ఫైల్ నిలబడి ఉంది. మా ఆయన అప్పటికి చదువు పూర్తిచేసి ఉద్యోగం వెతుక్కుంటున్నాడు. నేను నోరు మూసుకున్నాను. అవును, మూసుకున్నాను. ఆ నిమిషం నేను మాట్లాడి ఉంటే ఈ కథంతా ఉండేది కాదు.

సీజన్ అయ్యాక నా కాంట్రాక్ట్ కొనసాగించలేదు. అప్పటికి ఫైల్ గట్టెక్కింది కాబట్టి అది పెద్ద దెబ్బ కాలేదు. దెబ్బ వేరే ఉంది. అతను, నా కోటు పట్టుకు లాగినవాడు, ఆసుపత్రి నుంచి నా ఫోన్‌లో ఒక వాయిస్ మెసేజ్ పెట్టాడు. గొంతు మందుల మత్తులో ముద్దగా ఉంది. "నీ చేతుల్ని నమ్మాను. నీ పేరు చూశాను ఆ కాగితం మీద. నమ్మాను." అంతే. తిరిగి ఫోన్ చేస్తే ఎత్తలేదు.

*

మేము టొరంటో పక్కన రిచ్‌మండ్ హిల్ వచ్చేశాం. మా ఆయనకి పక్కనే వాన్ అనే ఊళ్ళో ఒక వేర్‌హౌస్‌లో లారీలు పంపే డిస్పాచ్ ఉద్యోగం దొరికింది. నేను ఒక ప్లాజాలో, ట్యాక్సులు వేసే ఆఫీసుకీ కళ్ళద్దాల షాపుకీ మధ్య, చిన్న క్లినిక్ పెట్టుకున్నాను. మనుషులు కోలుకుంటున్నారు, వెళ్తున్నారు, ఇంకొకరిని పంపుతున్నారు. పైకి అంతా బాగానే ఉంది.

లోపల మాత్రం నేను ఆ మనిషిని మోస్తూ తిరిగాను. ఆయన ఆ ఊరి టీమ్ వదిలి ఇంకో టీమ్‌కి, ఇంకాస్త పెద్ద జీతానికి వెళ్ళాడు. ప్రతి పొద్దున పళ్ళు తోముకోకముందే ఆ టీమ్ రాత్రి ఓడిందా అని చూసేదాన్ని. ఓడితే ఆ రోజు పేషెంట్లతో బాగా నవ్వుతూ మాట్లాడేదాన్ని.

మా ఆయనది కరీంనగర్. ఒకరోజు మంచం మీద నుంచే నన్ను చూస్తూ అన్నాడు. "మన టీమ్ గెలిచిందా అని చూసేటోళ్ళను చూసిన. ఒక టీమ్ ఓడిందా అని పొద్దుపొద్దునే చూసుడు నీ దగ్గరనే చూస్తున్న."

"చూస్తే ఏమైంది?"

"ఏం కాలే. నువ్వు ఆయనను మర్చిపోతే మంచిగుంటదని అంటున్న, గంతే."

మర్చిపోవడం నాకు ఇష్టం లేదు. ఆ కోపం ఉంటే నేను అవమానం పడి నోరు మూసుకున్న మనిషిని కాను, సమయం కోసం చూస్తున్న మనిషిని. రెండోది బాగుండేది.

నా పేషెంట్లలో ఒక రిటైర్డ్ ఎముకల డాక్టర్ ఉండేవారు. గుంటూరు నుంచి నలభై ఏళ్ళ కిందట వచ్చినాయన. నేను అంకుల్ అనేదాన్ని. మార్పిడి మోకాలు పెట్టించుకుని నా దగ్గర వ్యాయామాలు చేస్తూ హాకీ గురించి గంటలు గంటలు మాట్లాడేవారు. చిన్న లీగుల టీమ్‌లకి సొంత డాక్టర్లు తక్కువ. ట్రేడ్‌కి ముందు అవతలి ఆటగాడి ఆరోగ్యం ఫైల్ చదివి చెప్పడానికి బయటివాళ్ళని పెట్టుకుంటాయి. అంకుల్ చాలాకాలం ఆ పని చేశారు.

"నాకు కళ్ళు అలిసిపోతున్నాయమ్మా," అన్నారు ఒకరోజు. "నీకు ఆ శరీరాలు తెలుసు. నీ పేరు చెప్తాను. ఏడాదికి పది ఫైళ్ళు వస్తాయి. చదివి, బాగుందో, ఇంకేమన్నా పరీక్ష కావాలో చెప్పడమే. అనుమానం వస్తే నన్నడుగు."

ఒప్పుకున్నాను. మొదటి ఏడాది ఏ గొడవా లేకుండా గడిచింది.

రెండో ఏడాది డెడ్‌లైన్ రోజు పన్నెండు దాటి ఇరవై నిమిషాలకి ఫోన్ వచ్చింది. ప్లేఆఫ్స్‌కి వెళ్తున్న ఒక టీమ్. వాళ్ళ గోలీకి, అంటే గోల్ కాసేవాడికి, ముందురోజు వేలు విరిగింది. అర్జెంటుగా ఇంకో గోలీని కొంటున్నారు. బదులుగా ఇద్దరు కుర్ర ఆటగాళ్ళనీ, వచ్చే ఏడాది కొత్తవాళ్ళలో మొదటి ఎంపిక హక్కునీ ఇస్తున్నారు. ఆ లీగ్‌లో ఒక గోలీకి అది చాలా పెద్ద ధర. ఫైల్ పంపుతున్నాం, రెండు గంటల్లో చెప్పండి అన్నారు.

ఫైల్ తెరిచాను. మొదటి పేజీ అడుగున అమ్ముతున్న టీమ్ మేనేజర్ సంతకం. ఆయనే.

లేచి వెళ్ళి క్లినిక్ తలుపుకి లోపల గడియ పెట్టాను. ఎందుకు పెట్టానో ఇప్పటికీ చెప్పలేను.

ఆయన పరిస్థితి నాకు పూర్తిగా తెలుసు, రోజూ చదువుతున్నదాన్ని కదా. టీమ్ అడుగున ఉంది. ఆయన కాంట్రాక్ట్ ఆ వేసవితో అయిపోతుంది. ఆయన దగ్గర ఉన్న ఒకే ఒక్క మంచి సరుకు ఈ గోలీ. వాణ్ణి మంచి ధరకి అమ్మి కొత్త టీమ్ కడుతున్నానని యజమానులకి చూపిస్తే నిలబడతాడు. లేకపోతే లేదు.

గోలీకి ఇరవై ఆరేళ్ళు. ఫైల్ పావుగంటలో చదివేశాను. తుంటి స్కాన్ ఒకటి ఉంది, నాలుగు నెలల కిందటిది. కీలు అంచున కొంచెం గరుకు. మోకాళ్ళ మీద పడి లేవడమే పని కాబట్టి గోలీలందరికీ ఆ గరుకు ఉంటుంది. ముందురోజు వాళ్ళ డాక్టర్ చేసిన పరీక్ష వివరంగా ఉంది. కదలికలన్నీ మామూలే. ఏ లోపమూ లేదు. మనసులో తీర్పు తేలిపోయింది: కొనుక్కోవచ్చు.

ఆ మాట రాయడానికి ఒక్క వాక్యం చాలు. నేను రాసిన వాక్యం వేరు. "పాత స్కాన్‌లో తుంటి కీలు అంచున మార్పులు కనిపిస్తున్నాయి. కొత్త స్కాన్ చూడకుండా ఆమోదం సూచించలేను."

ప్రతి ముక్కా నిజమే. మార్పులున్నాయి. సూచించలేను అంటే సూచించను అని ఎవరు అడుగుతారు?

ఒంటిగంటకి పంపాను. ఐదు నిమిషాల్లో కొంటున్న టీమ్ అసిస్టెంట్ మేనేజర్ ఫోన్. "మూడింటిలోపు స్కాన్ ఎక్కడ దొరుకుతుంది?"

"అది నేను చెప్పలేను."

"అంత అవసరమంటారా?"

"ఆ ధర పెట్టేది మీరు. నిర్ణయం మీది."

రెండున్నరకి మళ్ళీ ఫోన్. ఈసారి లైన్‌లో ముగ్గురం. అసిస్టెంట్ మేనేజర్, నేను, ఆయన. ఆయన గొంతు మారలేదు, అదే మెత్తదనం. ఎవరు మాట్లాడుతున్నారు అని అడిగాడు. నేను నా పూర్తి పేరు చెప్పాను, ఇంటిపేరుతో సహా, ఒక్కో అక్షరం విడివిడిగా. లైన్‌లో పెప్పర్‌మెంట్ బిళ్ళ పంటికి తగిలిన చప్పుడు వినిపించింది.

"చూడండి," అన్నాడు. "ఆ కుర్రాడికి ఏమీ లేదు. నిన్ననే మా డాక్టర్ చూశాడు. నోట్ మీ దగ్గరుంది."

"చదివాను. కింద సంతకం ఎవరిది?"

"మా మెడికల్ స్టాఫ్‌ది."

"చేత్తో పెట్టిందా, టైప్ చేసిందా?"

అసిస్టెంట్ మేనేజర్ గట్టిగా ఊపిరి లాగడం వినిపించింది. నా ముందున్న కాగితం మీద డాక్టర్ నీలి సిరా సంతకం తేటగా ఉంది. నాకు కనిపిస్తూనే ఉంది. అయినా అడిగాను.

"దాని అర్థమేమిటి?" అన్నాడు ఆయన. మొదటిసారి గొంతు లేచింది.

"అర్థమేమీ లేదు. అడిగానంతే. కొన్ని టీమ్‌ల నుంచి వచ్చే కాగితాల మీద టైప్ చేసిన పేర్లుంటాయి. అందుకని అడుగుతుంటాను."

"ఆమెకి నా మీద..." అని మొదలుపెట్టి ఆగిపోయాడు. ఆ వాక్యం పూర్తిచేస్తే ఎందుకో చెప్పాలి. ఎందుకో చెప్తే టైప్ చేసిన పేరు సంగతి చెప్పాలి. ఆయన చెప్పలేడు. ఆ గదిలో స్పీకర్ ముందు నేను ఎలా ఇరుక్కున్నానో ఆయన ఇప్పుడు అలా ఇరుక్కున్నాడు. నాలుగేళ్ళు నేను ఊహించుకున్న ఏ శిక్షా ఇంత బాగా లేదు.

అసిస్టెంట్ మేనేజర్ థాంక్స్ చెప్పి నన్ను లైన్ నుంచి తప్పించాడు. మూడు గంటల ఐదు నిమిషాలకి మెసేజ్ వచ్చింది. కొనలేదు.

తలుపు గడియ తీశాను. మూడుంపావు పేషెంట్ ఒక స్కూల్ బస్సు డ్రైవర్, మెడనొప్పి. ఆవిడకి ఆ రోజు చేసినంత మంచి చికిత్స ఆ నెలంతా ఎవరికీ చేయలేదు. సాయంత్రం మా ఆయన్ని తీసుకుని బిర్యానీ తినడానికి వెళ్ళాను. జరిగిందంతా చెప్పాను. అతను చెంచా ఆపి విన్నాడు.

"ఇప్పుడన్న సల్లబడ్డవా?"

"పడ్డాను," అన్నాను. నిజంగానే పడ్డాను. ఇంకో ప్లేటు కబాబులు తెప్పించుకున్నాను.

మే నెలలో ఆయన్ని తీసేశారు. గ్రోసరీ స్టోర్ పార్కింగ్‌లో కారులో కూర్చుని ఆ వార్త ఫోన్‌లో ఐదుసార్లు చదివాను. సంచిలో ఐస్‌క్రీమ్ కరిగిపోయింది.

*

జూలైలో అంకుల్ మోకాలు చూపించుకోవడానికి వచ్చారు. సైకిల్ తొక్కుతూ మామూలుగా అన్నారు.

"ఆ గోలీ తుంటి పోయిందటగా?"

"ఏ గోలీ అంకుల్?"

చెప్పారు. ఆ గోలీ కాంట్రాక్ట్ అయిపోయిందట. ఇక్కడ ఎవరూ తీసుకోవట్లేదట. డెడ్‌లైన్ రోజు మెడికల్‌లో తేడా వచ్చి ట్రేడ్ ఆగిపోయిందని అన్ని టీమ్‌లకీ పాకిందట. చివరికి యూరప్‌లో ఏదో చిన్న లీగ్‌లో సగం జీతానికి ఒప్పుకున్నాడట.

"తుంటికి ఏమీ లేదంకుల్," అన్నాను.

ఆయన తొక్కడం ఆపారు. "నీకెలా తెలుసు? ఆ ఫైల్ నువ్వే చూశావా?"

"నేనే."

"మరి స్కాన్ ఎందుకడిగావమ్మా?"

"జాగ్రత్త కోసం."

ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నారు. "నేనూ నలభై ఏళ్ళు జాగ్రత్త కోసం స్కాన్లు రాశాను," అన్నారు. "అలా రాసినప్పుడు గొంతు ఇలా ఉండదు." మళ్ళీ తొక్కడం మొదలుపెట్టారు. ఆ తర్వాత ఆ విషయం ఎత్తలేదు, కాని అనుమానం వస్తే నన్నడుగు అనే మాట కూడా మళ్ళీ అనలేదు.

ఆ గోలీ నా మనసులో మనిషిగా ఎప్పుడూ లేడు. అతను ఆ మేనేజర్ చేతిలోని సరుకు. సరుకుని పాడుచేశాను, అమ్మేవాడు మునిగాడు, లెక్క సరిపోయింది. ఆ సరుక్కి ఇరవై ఆరేళ్ళు. బాగున్న కాలు పోయిందని చెప్పించుకుని సముద్రం దాటి వెళ్ళాడు.

నాకు ఒక్కటే ఆసరా కనిపించింది. ఇదంతా నేను నాకోసమే చేయలేదు, తుంటి పోగొట్టుకున్న ఆ డిఫెన్స్ ఆటగాడి కోసం కూడా చేశాను. అతనికి నిజం చెప్పాలి. అతను విండ్సర్‌లో కారు సీట్లు తయారుచేసే చోట పనిచేస్తున్నాడని వెతికి తెలుసుకున్నాను. మెసేజ్ పెడితే, రా, కాఫీ తాగుదాం అన్నాడు. ఒక శనివారం నాలుగు గంటలు డ్రైవ్ చేసుకుని వెళ్ళాను.

లావయ్యాడు. కొంచెం కుంటుతున్నాడు. నన్ను చూసి బాగానే నవ్వాడు. నేను దారిపొడుగునా సిద్ధం చేసుకున్నదంతా ఒక్క గుక్కలో చెప్పాను. నేను అసలు ఏం రాశానో, ఆ కాగితం ఎవరు తయారుచేశారో.

"నాకు తెలుసు," అన్నాడు.

"ఏం తెలుసు?"

"నువ్వు రాసింది ఆయన నాకు చూపించాడు. ఇది పంపితే నిన్నెవరూ తీసుకోరు, సీజన్ అయ్యాక నేనూ ఉంచుకోను అన్నాడు. పక్కన పెట్టమంటావా అన్నాడు. పెట్టు అన్నాను. అది గెలుస్తున్న టీమ్. అదే నా ఆఖరి అవకాశం."

టేబుల్ మీద ఉన్న నా చేతులు చూసుకున్నాను. "మరి నాకు ఆ మెసేజ్ ఎందుకు పెట్టావ్?"

అతను కప్పు మూత తీసి మళ్ళీ పెట్టాడు. "మత్తులో ఉన్నాను. ఎవరినో ఒకరిని అనాలనిపించింది. ఆయన్ని అంటే ఇంకే టీమ్‌లోనూ కోచింగ్ పని కూడా రానివ్వడు. నిన్నంటే..." భుజాలు ఎగరేశాడు. "నువ్వేం చేస్తావ్?"

సారీ అన్నాడు. నిజంగానే అన్నాడు. కారు దగ్గరికి వచ్చి స్టీరింగ్ మీద అరచేత్తో కొట్టాను. అతని మీద కోపం, ఆయన మీద మళ్ళీ మొదటి రోజంత కోపం. తిరిగి వస్తూ టొరంటో దాకా రేడియో పెట్టలేదు. ఎదురు తిరగలేనిదాన్ని కాబట్టి నన్ను ఎంచుకున్నారు, ఇద్దరూ. ఆ మాట అనుకుంటున్న ప్రతిసారీ గోలీ గుర్తొచ్చాడు. దారిలో లండన్ అనే ఊరి దగ్గర పెట్రోలు కోసం ఆగి, పంపు పక్కన నిలబడి, అతని తరఫున బేరాలు చూసే ఏజెంట్ ఎవరో ఫోన్‌లో వెతికాను.

ఏజెంట్‌కి ఉత్తరం రాయడానికి వారం పట్టింది. ఫైల్‌లో తుంటి మామూలుగా ఉందని, నేను అడిగిన స్కాన్ వైద్యపరంగా అవసరం లేదని, ఈ ఉత్తరాన్ని ఏ టీమ్‌కైనా చూపించుకోవచ్చని రాసి, చేత్తో సంతకం పెట్టాను. ఆ రోజు కొనకుండా వెనక్కి తగ్గిన టీమ్‌కి కూడా ఒక కాపీ పంపాను. వాళ్ళ నుంచి ఫైళ్ళు రావడం ఆగిపోయింది. ఆ ఉత్తరం సంగతి చేరి మా లైసెన్స్ బోర్డు నన్ను పిలిచి గంటసేపు ప్రశ్నలడిగి, రాతపూర్వకంగా మందలించి వదిలేసింది. ఏజెంట్ రెండు నెలల తర్వాత ఒక్క లైను జవాబిచ్చాడు. "ఇది మార్చిలో చెప్పి ఉంటే బాగుండేది." గోలీ ఇంకా యూరప్‌లోనే ఆడుతున్నాడు. బాగా ఆడుతున్నాడని చదివాను. అతని నుంచి ఏ మాటా రాలేదు, రావాలని అనుకోవడానికి నాకు మొహం లేదు.

బోర్డు ఉత్తరం వచ్చిన రోజు మా ఆయన దాన్ని పూర్తిగా చదివి, మడిచి, డ్రాయర్‌లో పెట్టాడు.

"గోలీకి రాసినవ్, టీమ్‌కి రాసినవ్. మేనేజర్‌కి కూడా రాస్తవా?"

"రాయను."

"ఎందుకు?"

"గోలీకి చేసింది తప్పు. అది ఒప్పుకున్నాను. ఆయనకి చేసింది నాకు ఇష్టమే."

అతను నన్ను చూశాడు. వాదిస్తాడనుకున్నాను. వాదించలేదు. పొయ్యి మీద పప్పు పొంగుతుంటే లేచి వెళ్ళి మంట తగ్గించాడు.